గోడ మరక, దీపపు వత్తి, నీటి కుండ, మోట: నీటి నడకను గమనించు విధము



భౌతిక శాస్త్రము అనగానే అది పట్టణములలోని కళాశాలలకు, గాజు గొట్టములకు, పెద్ద యంత్రములకు సంబంధించిన విద్య యని అనేకులు తలచుదురు. అది పొరపాటు. వస్తువు ఎట్లు కదలును, వేడి ఎటు పోవును, నీరు ఎందుకు దిగును, ఎందుకు ఎక్కును అని తెలుపు విద్యయే భౌతిక శాస్త్రము. అది మీ ఇంటి గోడ మీద, దీపములో, నీటి కుండలో, బావి గట్టున ప్రతిదినము జరుగుచునే యున్నది. దానిని చూచుటకు డబ్బు అక్కరలేదు. కొంచెము నిలిచి చూచు ఓపిక చాలును. ఈ పాఠములో నీటికి సంబంధించిన నాలుగు సంగతులను మాత్రమే తీసికొందము. మన మెట్ట ప్రాంతములో లాభ నష్టములు రెండును నీటితోనే ముడిపడి యున్నవి.

ముందుగా ఒక లెక్క

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఏటా సగటున సుమారు 600 మిల్లీమీటర్లు, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుమారు 750 మిల్లీమీటర్లు వాన కురియును. (2016 అక్టోబరు 11న ఈ జిల్లాలు చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. ఇచ్చట చెప్పునది పాత ఎల్లలను బట్టి.) ఒక ఎకరము మీద 1 మిల్లీమీటరు వాన పడినచో 4,047 లీటర్ల నీరగును. ఒక అంగుళము పడినచో లక్ష లీటర్లకు కొంచెము పైబడును. 600 మిల్లీమీటర్లు పడినచో 24 లక్షల లీటర్లు.

ఇప్పుడు మీ బోరు సంగతి చూడుడు. అది సెకనుకు 2 లీటర్ల నీరు పోయుచున్నదనుకొనుడు. లక్ష లీటర్లు పోయుటకు సుమారు 14 గంటలు పట్టును. అనగా ఎకరమునకు ఒక్క అంగుళము వాన, మీ మోటారు ఆగకుండ 14 గంటలు చేయు పనికి సమానము.

మనకు వాన తక్కువే. కాని వచ్చిన వాన కూడ అంతయు పంటకు అందుట లేదు. కొంత పారిపోవును. కొంత ఆవిరియగును. కొంత లోతునకు దిగిపోవును. దానిని మరల ఎత్తవలసి వచ్చును. ఏ నీరు ఏ దారిని పోవుచున్నదో తెలిసికొన్న రైతు ఆ దారికి అడ్డు వేయగలడు. ఆ దారులను ఇంటి వద్దనే చూతము.

1. గోడ మీద ఎర్ర మరకలు

పెద్ద వాన వెలిసిన తరువాత సున్నము వేసిన గోడ అడుగు భాగమును చూడుడు. నేల నుండి అడుగు, రెండడుగుల ఎత్తు వరకు ఎర్రమట్టి మరకలు కనబడును. ఆ మట్టిని అచటికి ఎవరు చల్లిరి? వాన చినుకే చల్లినది. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగముతో నేలను తాకును. అనగా గంటకు 30 కిలోమీటర్లకు పైమాట. ఒక అంగుళము వాన పడినప్పుడు ఎకరము మీద 100 టన్నుల నీరు ఇట్టి వేగముతో చిన్న చిన్న సుత్తి దెబ్బలవలె పడుచున్నదన్నమాట.

ఈ దెబ్బకు ఎర్ర చెలక నేలలో మట్టిగడ్డలు పగిలి, మెత్తని రేణువులు లేచి, నేలలోని సన్నని రంధ్రములలో కూరుకొనును. రంధ్రములు మూసికొనిన తరువాత నీరు దిగదు. వాలును పట్టి పారును. ఎండ రాగానే ఆ పొర అట్టకట్టి గట్టిపడును. అడుగున మొలక సిద్ధముగా నున్నను పైకి రాలేదు. విత్తనము చెడ్డదని దుకాణదారుని నిందించుటకు ముందు, మొలవని చోట పైపొరను వ్రేలితో ఎత్తి చూడుడు. అడుగున మొలక వంగి కనబడినచో తప్పు విత్తనముది కాదు, అట్టది.

పరీక్ష: రెండు పళ్లెములలో చెలక మట్టిని సమముగా పరచి, రెంటిని ఒకే వాలుగా నిలుపుడు. ఒకదానిపై పలుచగా గడ్డి కప్పుడు. చిల్లుల డబ్బాతో ఆరేడడుగుల ఎత్తు నుండి రెంటిపై సమానముగా నీరు పోయుడు. క్రిందికి జారిన నీటిని వేరువేరు గాజు గ్లాసులలో పట్టుడు. గడ్డి లేని పళ్లెపు నీరు ఎర్రగాను, ఎక్కువగాను ఉండును. గడ్డి కప్పిన దానిలో నీరు తేటగాను, తక్కువగాను ఉండును. గడ్డి నీటిని ఆపలేదు. దెబ్బను మాత్రమే ఆపినది. అంతమాత్రము చాలినది.

కావున కంది కట్టెను, జొన్న మోళ్లను, పశువులు తినని చెత్తను తగులబెట్టక, వీలైనంత వరకు నేలపై పరచవలెను. విత్తిన వెంటనే వాన పడి అట్టకట్టినచో, పొర పూర్తిగా ఎండిపోక ముందే ముళ్లకంపను తేలికగా లాగి పగులగొట్టవలెను.

పారు నీటికి ఇంకొక గుణము కలదు. దాని వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. వాలు పొడవున దున్నిన చాలు ప్రతిది ఒక కాలువయై నీటికి వేగమునిచ్చును. వాలుకు అడ్డముగా దున్ని, అడ్డముగా విత్తినచో ప్రతి చాలు ఒక చిన్న కట్టగా నిలుచును. ఖర్చు ఒక్కటే, నాగలి తిరుగు దిక్కు మాత్రమే వేరు.

కట్ట విషయము కూడ ఇచటనే చెప్పవలెను. ఒక డబ్బాకు పైన, నడుమ, అడుగున మూడు చిల్లులు పెట్టి నీరు నింపుడు. అడుగు చిల్లు నుండి వచ్చు నీరే ఎక్కువ జోరుగా చిమ్మును. నీటి ఒత్తిడి దాని వెడల్పును బట్టి కాక లోతును బట్టి యుండును. నల్లగొండ ప్రక్కన పానగల్లులోని ఉదయసముద్రము వంటి పాత చెరువుల కట్టలు అడుగున మిక్కిలి వెడల్పుగాను, పైకి పోయినకొలది సన్నముగాను ఉండుటకు కారణమిదే. మీ నీటి కుంట గట్టుకు కూడ ఇదే నియమము. గట్టు పైన కనబడు ఎలుక బొరియ కంటె అడుగున ఉన్న బొరియ ఎక్కువ అపాయకరము. వానాకాలమునకు ముందే దానిని వెదకి పూడ్చవలెను.

2. దీపపు వత్తి

దీపములో నూనె అడుగున ఉండును, మంట పైన ఉండును. నూనె పైకి ఎట్లు ఎక్కినది? వత్తిలోని నూలు పోగుల నడుమ సన్నని సందులు కలవు. ద్రవము అట్టి సందుల గోడలను పట్టుకొని తనంతట తానే పైకి ప్రాకును. సందు ఎంత సన్ననిదైన అంత ఎత్తు ప్రాకును. తుండుగుడ్డ కొనను నీటిలో ముంచి వ్రేలాడదీసినచో గడియలో జానెడెత్తు తడియుట మీరు చూచియే యుందురు.

నేల కూడ ఒక వత్తియే. మట్టి రేణువుల నడుమ సందుల గుండ తడి అడుగు నుండి పైకి వచ్చును. పైన ఎండ, గాలి దానిని ఆవిరి చేయుచుండును. మంట నూనెను త్రాగినట్లు ఎండ నేలలోని తడిని త్రాగును.

వత్తిని నడుమ కత్తిరించి ముక్కలను దూరము చేసినచో నూనె పై ముక్కకు ఎక్కదు. వాన తరువాత పదును చూచి పైపైన గుంటుక గాని, దంతె గాని తోలుటలోని మర్మమిదే. పై రెండంగుళముల మట్టి విడివడి త్వరగా ఎండును. అడుగు నుండి వచ్చు సన్నని దారులు తెగిపోవును. ఎండిన పొడిమట్టి మూతవలె పనిచేయును.

అయితే ఇందు భేదములను తెలిసికొనవలెను. ఇసుక పాలు ఎక్కువగానున్న చెలకలో పైమట్టి తానే త్వరగా ఎండి కొంత మూతగా ఏర్పడును. అచట అంతరకృషి వలన కలుగు ముఖ్యమైన మేలు రెండు: అట్ట పగిలి తదుపరి వాన లోనికి దిగును, కలుపు చచ్చును. నల్లరేగడిలో నెర్రెలు విచ్చి వాని గుండ లోతు తడి కూడ ఆరిపోవును. దంతె తోలినచో నెర్రెలు పూడును. కలుపు మొక్క ఏ నేలలోనైనను పెద్ద వత్తియే. అది వేరుతో లోతు తడిని పీల్చి ఆకుతో గాలికి వదలును. వర్షము కొరకు ఎదురుచూచు పది పదునైదు దినములలో కలుపు త్రాగిన నీరు పంట నోటి వద్ద నుండి తీసినదే.

పరీక్ష: ఒకే పరిమాణము గల రెండు డబ్బాలలో ఒకే మట్టిని నింపి, సమానముగా నీరు పోసి తూచుడు. మట్టి పదునుకు రాగానే ఒకదానిలో పై అంగుళము మట్టిని మేకుతో కదపుడు. రెండవ దానిని అట్లే విడువుడు. ఒక వారము రోజులు ప్రతి సాయంకాలము కాంటా మీద తూచి వ్రాసికొనుడు. ఏది ఎంత బరువు తగ్గినదో అంత నీరు పోయినదన్నమాట. మీ చేని మట్టికి ఈ పద్ధతి ఎంత ఫలమిచ్చునో మీకే తెలియును.

తడి బురదగా నున్నప్పుడు గాని, మరీ లోతుగా గాని తోలరాదు. లోతుగా తోలినచో తడిమట్టి పైకి వచ్చి ఆరిపోవును, వేళ్లు తెగును.

3. నీటి కుండ

వేసవిలో రంజన్‌లోని నీరు చల్లగా నుండును. ప్రక్కనే ఉన్న స్టీలు బిందెలోని నీరు వెచ్చగా నుండును. కుండ గోడలోని సన్నని రంధ్రముల నుండి నీరు పైకి ఊరి ఆవిరియగుచుండును. నీరు ఆవిరియగుటకు వేడి కావలెను. ఆ వేడిని అది కుండలోని నీటి నుండి తీసికొనును. కావుననే నీరు చల్లబడును. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు కావలసిన వేడితో సుమారు 7 లీటర్ల చన్నీటిని మరిగే వరకు కాచవచ్చును. ఇంత వేడిని ఎత్తుకొనిపోవు పని ఆ కుండ చడిచప్పుడు లేకుండ చేయుచున్నది.

వానాకాలపు ముసురులో అదే కుండ అంత చల్లదనమునీయదు. గాలిలో ముందే తేమ నిండియున్నందున ఆవిరి తగ్గును. పొడిగాలి వీచినప్పుడు ఆవిరి హెచ్చును. కావున వేసవి మధ్యాహ్నము వడగాలిలో పారించిన నీటిలో కొంత భాగము గాలి పాలగును. సాయంకాలము గాని, తెల్లవారుజామున గాని కట్టిన తడి ఎక్కువ నిలుచును.

ఆకు కూడ కుండవలెనే నీటిని వదలి తన్ను తాను చల్లబరచుకొనును. ఎండవేళ రెండు మళ్లలోని ఆకులను చేతితో తాకి చూడుడు. నీరున్న పైరు ఆకు చల్లగా తగులును. దప్పిగొన్న పైరు ఆకు వెచ్చగా తగులును. ఆకు వాడి వ్రేలాడుటకు ముందే చేయి ఈ సంగతి చెప్పగలదు.

పరీక్ష: నిలువు అంచులు గల వెడల్పాటి పళ్లెములో నీరు పోసి, పక్షులు త్రాగకుండ వల కప్పి ఆరుబయట ఉంచుడు. కొలబద్దతో లోతు కొలిచి, మరునాడు అదే వేళకు మరల కొలువుడు. 10 మిల్లీమీటర్లు తగ్గినచో, ఎకరము వెడల్పు గల కుంట ఒక్క దినములో 40,000 లీటర్లు కోల్పోవును. అందుచేతనే నీటి కుంట వెడల్పు తక్కువగాను, లోతు ఎక్కువగాను ఉండుట మేలు.

కుండ చెప్పు రెండవ సంగతి ఇంకను ముఖ్యమైనది. పాత కుండ వెలుపల తెల్లని పొర ఏర్పడుట మీరెరుగుదురు. నీరు ఆవిరియై పోయినది. నీటిలోని ఉప్పులు మిగిలినవి. ఆవిరి తనతో ఉప్పును తీసికొనిపోదు. సముద్రము ఉప్పగా నున్నను వాన తియ్యగా నుండుటకు కారణమిదే.

నల్లగొండ ప్రాంతమునకు ఇది ప్రాణముతో కూడిన పాఠము. బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్న గ్రామములలో పండ్లు గారపట్టుట, కీళ్లు బిగియుట, ఎముకలు వంగుట తరతరములుగా చూచినాము. త్రాగు నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు దొరకనిచోట కూడ 1.5 మిల్లీగ్రాములకు మించరాదనియు భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరు తలచుచున్నారు. కుండ మీది తెల్లపొరను తలచుకొనుడు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీటిని 10 లీటర్లు కాచి 8 లీటర్లకు దించినచో, అది 2.5 మిల్లీగ్రాములగును. కాచుట వలన క్రిములు చచ్చును. ఫ్లోరైడు తగ్గదు, చిక్కనగును. దానిని తీయుటకు పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకములో రూపొందించిరి. దానికి నల్లగొండ పద్ధతి యనియే పేరు. మోతాదు నీటిని పరీక్షించిన తరువాతనే నిర్ణయింపవలెను, అంచనాతో కలుపరాదు. నదినీరు గాని, శుభ్రముగా పట్టిన వాననీరు గాని దొరకునప్పుడు త్రాగుటకు, వంటకు వానినే వాడుట మేలు.

చేనిలోను ఇదే జరుగును. లీటరుకు 1 గ్రాము ఉప్పులున్న బోరు నీటిని ఎకరమునకు ఒక అంగుళము పారించినచో 100 కిలోల ఉప్పును చేనిలో పోసినట్లే. నీరు ఆవిరియగును, ఉప్పు నిలుచును. మురుగు పోవు దారి లేనిచో నేల క్రమముగా చౌడగును. కావున ఉప్పునీటి బోరు గలవారు మట్టిని, నీటిని పరీక్ష చేయించి తగిన పైరును ఎన్నుకొనవలెను. మంచి వాన నీరు చేనిలో నిలిచి ఉప్పును లోతునకు కడుగునట్లు గట్లు వేయవలెను.

4. మోట, మోటారు

మోట తోలిన పెద్దలు మీ ఊరిలో ఉన్నచో అడిగి చూడుడు: ఎడ్లు నడుచు దారి బావి నుండి పల్లమునకు ఎందుకు ఉండెడిది? నిండు మోటను లాగునప్పుడు ఎడ్లు పల్లమునకు నడచును. వాని బరువు కూడ లాగుటకు తోడగును. మోట ఖాళీయైన తరువాత ఎగువకు వెనుదిరుగును. గిరక త్రాటి దిక్కును మార్చును. పల్లము ఎడ్ల బరువును పనిలోనికి తెచ్చును. పుస్తకము చదువని వారు కట్టిన ఈ ఏర్పాటులో శాస్త్రము పూర్తిగా కలదు.

తరువాత ఆయిలు ఇంజనులు, కరెంటు మోటార్లు వచ్చినవి. గట్టున నిలిపిన మోటారు, బావిలో నీరు దిగిపోగానే పోయుట మానును. అనేకులు మోటారు బలము చాలలేదని ఎక్కువ హార్సుపవరు మోటారు కొని నష్టపడిరి. ఇందులోని కారణమును కొబ్బరి బొండము చెప్పును. గొట్టముతో త్రాగునప్పుడు మనము నీటిని లాగుచున్నామని అనుకొందుము. నిజమునకు గొట్టములోని గాలిని మాత్రమే తీయుచున్నాము. బయటి గాలి తన బరువుతో నీటిని గొట్టములోనికి నెట్టును. గాలికి బరువున్నదా అని సందేహము కలిగినచో, గ్లాసు నిండ నీరు పోసి పైన దళసరి కాగితము మూసి, చేత పట్టి తలక్రిందులు చేసి మెల్లగా చేయి తీయుడు. నీరు పడదు. క్రింది నుండి గాలి ఒత్తుచున్నది.

గాలి నెట్టగల ఎత్తుకు హద్దు కలదు. ఇటలీ దేశములో పంపులు చేయువారు సుమారు 10 మీటర్లకు మించి నీటిని పీల్చలేకపోయిరి. 1643లో టారిసెల్లి పాదరసముతో పరీక్ష చేసి, గాలి బరువు 76 సెంటీమీటర్ల పాదరసమును మోయునని చూపెను. అదే బరువు నీటినైనచో సముద్రమట్టము వద్ద 10.3 మీటర్లు మోయును. మహబూబ్‌నగరము సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున అచట అర మీటరునకు పైగా తగ్గును. గొట్టములో రాపిడి, ఫుట్‌వాల్వులో లోపములు కలిసి వాస్తవముగా 6, 7 మీటర్లు, అనగా 20 నుండి 23 అడుగులు మాత్రమే నమ్మదగినది. ఎంత పెద్ద మోటారైనను గాలి బరువును పెంచలేదు. నీరు అంతకు మించి దిగినచో మోటారును బావిలో అరుగు మీదికి దించవలెను. లేదా నీటిలో మునిగి అడుగు నుండి పైకి నెట్టు సబ్‌మెర్సిబుల్ పంపు వాడవలెను. నెట్టుటకు ఈ హద్దు లేదు.

కాని నెట్టుటకు పని హెచ్చును. 60 మీటర్ల లోతు నుండి సెకనుకు 2 లీటర్లు ఎత్తుటకు, నష్టములు కలుపకయే, సుమారు 1.6 హార్సుపవరు కావలెను. లోతు రెట్టింపైన పని రెట్టింపు. గొట్టము వ్యాసమును సగము చేసి అదే నీటిని పంపినచో రాపిడి నష్టము సుమారు 30 రెట్లగును. కొన్ని వందల రూపాయలు మిగులునని సన్నని గొట్టము వేయుట మేలు కాదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనది. బిల్లు రాకున్నను లోతు లోతే, పని పనియే. తీసినకొలది నీటిమట్టము దిగును. దిగినకొలది కొత్త బోరు, కొత్త పైపులు, కొత్త అప్పు.

ఈ పాఠపు సారము

వాన దెబ్బను చెత్తతో ఆపుడు. వాలుకు అడ్డముగా దున్నుడు. పదును చూచి పైపైన అంతరకృషి చేయుడు; కలుపును పెరుగనీయకుడు. చల్లని వేళలో నీరు కట్టుడు. ఫ్లోరైడు కాచినచో పోదని ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి చెప్పుడు. మోటారు కొనుటకు ముందు నీటిమట్టము వరకు త్రాడు వదలి లోతు కొలువుడు.

పిల్లల పాత నోటుపుస్తకమొకటి తీసికొని మూడు లెక్కలు వ్రాయుడు. మొదటిది, నిలువు అంచుల డబ్బాలో పట్టిన వాన లోతు. రెండవది, 200 లీటర్ల డ్రమ్ము నిండుటకు మీ బోరు తీసికొను సెకన్లు. మూడవది, నెలకొకసారి బావి నీటిమట్టము. బడికి పోవు మీ పిల్లలచే ఈ కొలతలు తీయించినచో వారి పాఠము, మీ వ్యవసాయము రెండును బాగుపడును. ఒక సంవత్సరము వ్రాసిన పుస్తకముతో మండల వ్యవసాయాధికారిని గాని, పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమువారిని గాని కలిసినచో, వారు మీ చేనికి తగిన సలహా చెప్పుట సులభమగును.

బోరు లోతు నుండి ఎత్తిన ప్రతి లీటరుకు శ్రమ కలదు. చేనిలోనే ఇంకించి నిలిపిన అంగుళము వానకు మోటారు అక్కరలేదు, గొట్టము అక్కరలేదు. వచ్చు వానకు గోడ మీది మరకలను చూచుటతో మొదలుపెట్టుడు.